వినిపించని పుటలు

చిల్కూరు నుండి బస్సులో వచ్చే నా విద్యార్థి ఒకడు పుట్టుకతో అంధుడు. సెల్‌ఫోను చదివి వినిపించగా వేమన పద్యాలు కంఠస్థం చేసినాడు. మైఖేల్ కరన్ అనే ఆస్ట్రేలియా అంధ యువకుడు 2006లో ఆరంభించిన ఎన్‌.వి.డి.ఎ. అనే ఉచిత సాధనం కంప్యూటరులో తెలుగు చదువుతుంది. ఉచితమన్నమాట గమనార్హం!

అయితే మన వార్షిక సంచికను తెరిస్తే ఆ గొంతు అర్థంలేని ధ్వనులు చేస్తుంది. అను లిపిలో కూర్చిన తెలుగు కంటికే తెలుగు; యంత్రానికి ఆంగ్లాక్షరాల గుంపు. బొమ్మలుగా చేర్చిన ఉర్దూ పుటల వద్ద అది మూగబోతుంది. యూనికోడ్‌లో కూర్చితే రెండు భాషలూ పలుకుతాయి.

ఈ సంచికకు అతడూ ఒక వ్యాసమిచ్చినాడు. అచ్చయ్యాక దానిని అతనికి మరొకరు చదివి వినిపించవలసినదేనా? సంపాదకవర్గమువారు ఆలోచింతురు గాక.