గుర్తున్నవి – 17: ఫోటోలో పడనివాళ్ళు

మా తాతకి ఉన్నది ఒకే ఒక్క ఫోటో. అది కూడా ఆయన పోయాక తీసింది. కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద నుంచి గుడ్డ కట్టి, మెడలో దండ వేసి తీశారు. పట్నం నుంచి ఫోటో ఆయన్ని పిలిపించడానికి మా నాన్న అప్పు చేశాడు. మన పేటల్లో చాలా ఇళ్ళ గోడల మీద ఉన్నది ఇలాంటి ఫోటోనే. బతికుండగా ఎవరూ తీయలేదు, చచ్చాక తీశారు. చిన్నప్పుడు నాకు ఫోటో అంటే చావే గుర్తొచ్చేది.

ఈసారి విమానం గురించి రాస్తానన్నాడు, తాత దగ్గర మొదలెట్టాడేంటి అనుకోకండి. వస్తున్నా.

మా నాన్న ఒక మిలటరీ ఎయిర్‌బేస్‌లో 24 ఏళ్ళు ఊడ్చాడు. ఏ ఊళ్ళోనో ఇక్కడ అవసరం లేదు. పర్మినెంటు కాదు, కాంట్రాక్టు. కాంట్రాక్టర్లు మారారు గానీ నాన్న మారలేదు, చీపురు మారలేదు. హ్యాంగర్‌లో నేల మీద కారిన ఆయిల్ మీద రంపపు పొట్టు చల్లి ఊడ్చేవాడు. రన్‌వే అంచుల్లో రాళ్ళు, మేకులు, ఇనప ముక్కలు ఏరేవాడు. చిన్న రాయి ఇంజన్లోకి పోయినా కోట్ల రూపాయల విమానం పాడైపోతుంది, మనుషుల ప్రాణాలూ పోతాయి. ఆ సంగతి ఆయన నాకు పదేళ్ళప్పుడే చెప్పాడు. "నాను రాయి సూడకపోతే ఆడు ఎగరలేడ్రా" అనేవాడు. గొప్పకి కాదు, ఉన్నమాట చెప్పినట్టు.

లోపల ఫోటోలు నిషేధం. అది సరే, మిలటరీ కదా. కానీ ఏడాదికోసారి పెద్దవాళ్ళు వచ్చినప్పుడు విమానం ముందు గ్రూప్ ఫోటో తీసేవారట. ఆ పూట ఊడ్చేవాళ్ళందర్నీ హ్యాంగర్ వెనక్కి పొమ్మనేవారు. ఫోటోలో పడకూడదు. 24 ఏళ్ళలో నాన్న ఒక్క విమానం పక్కన కూడా నిలబడి ఫోటో తీయించుకోలేదు.

మొన్న సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు అన్నాను, "నాన్నా, విశాఖ పోదాం. బీచ్ రోడ్డులో విమానం ఉంది. దాని కింద నిన్ను నిలబెట్టి ఫోటో తీస్తా" అని. ముందు వద్దన్నాడు. తెల్లారేసరికి ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని అరుగు మీద కూర్చున్నాడు.

ఆ విమానం పేరు టీయూ-142. సోవియట్ టుపోలెవ్ తయారీ. 1988లో మన నౌకాదళంలో చేరింది. మొత్తం ఎనిమిది కొన్నారు. పని, సముద్రం మీద గంటల తరబడి తిరుగుతూ జలాంతర్గాముల్ని వెతకడం. 29 ఏళ్ళు తిరిగాక 2017 మార్చి 29న తమిళనాడులో అరక్కోణం దగ్గర రాజాలి స్థావరంలో వీడ్కోలు చెప్పారు. అందులో ఒకదాన్ని విశాఖకి తెచ్చి, విడదీసి, బీచ్ రోడ్డు పక్కన మళ్ళీ బిగించారు. రోడ్డుకి అటువైపు ఇసకలో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969 నుంచి 2001 దాకా పనిచేసింది. అదీ సోవియట్‌దే. వేటాడేది ఇటు, వేటాడబడేది అటు. రెండిటి మధ్యా ఇప్పుడు మొక్కజొన్న పొత్తుల బండ్లు.

ఫోటో తీసేవాళ్ళకి ఒక మాట. ఈ విమానం దాదాపు 53 మీటర్ల పొడవు. ఈ రెక్క కొస నుంచి ఆ రెక్క కొసకి 50 మీటర్లు. దగ్గర నిలబడితే ఏ ఫోన్‌లోనూ పట్టదు. రోడ్డు దాటి అవతలికి పోవాలి. పొద్దున్నే వెళ్ళాలి. ఎండ సముద్రం మీంచి వచ్చి విమానం ఒంటి మీద పడుతుంది. సాయంత్రమైతే సూర్యుడు వెనక్కి పోతాడు, విమానం నల్లగా పడుతుంది. ఇంకో సంగతి, దీనికి నాలుగు ఇంజన్లు. ఒక్కో ఇంజన్‌కి ఒకదాని వెనక ఒకటి రెండు ఫ్యాన్లు, ఒకదానికొకటి ఎదురు తిరుగుతాయి. ఒక్కో ఫ్యాన్‌కి నాలుగు రెక్కలు. మొత్తం 32. పక్క నుంచి తీస్తే ఆ జంట ఫ్యాన్లు బాగా కనిపిస్తాయి.

ఇవన్నీ నాకెలా తెలుసంటే, రెండేళ్ళ క్రితం ఒక మీటింగుకి వచ్చినప్పుడు దీన్ని తీశాను. ఇక్కడే పెట్టాను. చాలామంది మెచ్చుకున్నారు. ఆ పోస్టులో ఒక చరిత్ర కూడా రాశాను, గుర్తుందా? 1925లో అమెరికా ఆర్మీ వార్ కాలేజీ నల్లవాళ్ళు యుద్ధానికి తక్కువ పనికొస్తారని రిపోర్టు రాసింది. 1941లో టస్కీగీలో నల్లజాతి పైలట్లకి శిక్షణ మొదలైంది. వాళ్ళు నేర్చుకున్న నీలం, పసుపు రంగుల స్టియర్‌మన్ విమానం ఒకటి ఇప్పుడు వాషింగ్టన్‌లో ఆఫ్రికన్ అమెరికన్ మ్యూజియంలో పైకప్పుకి వేలాడుతోంది. మన దగ్గరా అంతే. యుద్ధ జాతులు వేరే ఉన్నాయంటూ బ్రిటిష్‌వాళ్ళు 1890ల్లో మహర్ల భర్తీ ఆపేశారు. బాబాసాహెబ్ తండ్రి రామ్‌జీ సుబేదార్‌గా చేసిన సైన్యం అది. మళ్ళీ అదే 1941లో మహర్ రెజిమెంట్ వచ్చింది. ఎవరి విమానాన్ని, ఎవరి కథగా మ్యూజియంలో పెడతారు అని పెద్ద ప్రశ్న వేశాను. ఇప్పటికీ ఆ ప్రశ్న తప్పనుకోవడం లేదు.

బస్సులో నాన్నకి ఆ ఫోటో చూపించాను. ముందు పోస్టు చేసింది. తర్వాత వేలు తగిలి గ్యాలరీలో అసలు ఫోటో వచ్చింది. కత్తిరించనిది. నాన్న ఫోన్ కళ్ళ దగ్గరికి పట్టుకుని చూశాడు.

"ఈవిడెవర్రా?"

విమానం ముక్కు కింద, ఎడంపక్క, ఒకావిడ వంగి చీపురుతో ఊడుస్తోంది. నీలం కోటు.

"తెలీదు నాన్నా. అక్కడ ఊడ్చేవాళ్ళు."

"మరి ముందర సూపించినదాన్లో లేదేటి?"

నేను ఏమీ అనలేదు. ఏమంటాను? ఫోటో నీటుగా రావాలని నేనే కత్తిరించాను. ఎవరి కథ మ్యూజియంలో ఉంటుంది అని రాసిన రోజే, ఆ చేత్తోనే కత్తిరించాను. తీసేటప్పుడు కూడా ఆవిడ పక్కకి జరుగుతుందేమోనని కాసేపు ఆగినట్టు నాకు గుర్తుంది. జరగలేదు. అందుకని ఇంటికొచ్చి నేనే జరిపాను. నాన్నని హ్యాంగర్ వెనక్కి పొమ్మన్నవాళ్ళు నోటితో చెప్పారు. నేను వేలితో చేశాను.

నాన్న తిట్టలేదు. ఫోన్ తిరిగి ఇచ్చి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది.

2017 డిసెంబర్ 7న ఈ విమానం మ్యూజియాన్ని ప్రారంభించింది అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్. కె.ఆర్. నారాయణన్ తర్వాత ఆ పదవిలోకి వచ్చిన రెండో దళితుడు. ఫోటోల్లో మధ్యలో నిలబడింది మనవాడు. అది చిన్న విషయం కాదు, నేను తీసిపారెయ్యను. కానీ మధ్యలో మనవాడు ఒకడు నిలబడినంత మాత్రాన, పక్కకి జరిగే అలవాటు మిగతావాళ్ళ ఒంట్లోంచి పోదు. అది నాన్నని చూస్తే తెలిసింది.

టికెట్ తీసుకుని లోపలికి వెళ్ళాం. ఎవరో కెమెరా ఎత్తగానే నాన్న పక్కకి జరిగిపోతున్నాడు. ఎవరూ జరగమనలేదు. ఇంకెవరినో తీస్తున్నా సరే, తలొంచుకుని పక్కకి పోతున్నాడు. ఒక కుటుంబం ఫోటో దిగుతుంటే కింద నీళ్ళ బాటిల్ ఉంది. వాళ్ళబ్బాయి నాన్న వైపు చూసి, "తాతా, అది కొంచెం తీసెయ్, ఫోటోలో పడుతోంది" అన్నాడు. తెల్ల చొక్కాలో ఉన్నా, టికెట్ జేబులో ఉన్నా, నాన్న వంగి తీసేశాడు. నాకు ఒళ్ళు మండింది. నాన్న నా చెయ్యి పట్టుకుని, "పిల్లోడ్రా, వొగ్గీ" అన్నాడు.

బయటికొచ్చాక రోడ్డు వారన ఒకావిడ చెత్త ఎత్తుతోంది. నాన్న తిన్నగా ఆవిడ దగ్గరికెళ్ళి, ఎన్నేళ్ళయింది, ఎంత వస్తోంది, జీతం నెలనెలా పడుతోందా అని అడిగాడు. ఇద్దరూ నడుం నొప్పి గురించి కాసేపు మాట్లాడుకున్నారు. నాకు తప్పు దిద్దుకోవాలని ఉబలాటం. ఫోన్ తీసి, "అమ్మా, మీ ఫోటో ఒకటి తీసుకోనా? వెనక విమానం పడేలాగ" అన్నాను.

ఆవిడ నవ్వింది. "సీపురుతో వొద్దు బాబూ. మంచి సీర కట్టుకున్న రోజు తియ్యి."

నా ఫోన్ అలాగే చేతిలో ఉండిపోయింది. నాకు కావలసింది చీపురుతో ఉన్న ఫోటోనే. పోస్టుకి అదే బాగుంటుంది. ఆవిడకి అక్కర్లేనిది సరిగ్గా అదే. ఒకసారి చెరిపేశాను, ఇప్పుడు గుర్తుగా వాడుకోబోయాను. రెండుసార్లూ నేను చూసింది చీపురునే. తెల్ల చొక్కా నాన్న ఎందుకు వేసుకున్నాడో అప్పుడు బుర్రకెక్కింది.

నాన్న ఫోటో అంతకుముందే లోపల తీశాను. రెక్క కింద, చక్రాల పక్కన నిలబడతానని తనే అన్నాడు. ఏళ్ళ తరబడి ఆయన చూసిన విమానం కింద నుంచి కనిపించేదే మరి. అలవాటుగా నేల ఒకసారి చూసుకున్నాడు, రాయేదన్నా ఉందేమోనని. తర్వాత తలెత్తి నిలబడ్డాడు. విమానం మొత్తం రావాలంటే నేను రోడ్డవతలికి పోవాలి. అప్పుడు నాన్న చీమంత పడతాడు. అందుకని ముందుకెళ్ళాను. విమానం ముక్కు తెగిపోయింది, తోక తెగిపోయింది, ఇంజన్లు రెండే పడ్డాయి. నాన్న మొహం పడింది.

ప్రింటు వేయించి తాత ఫోటో పక్కన తగిలించాం. దండ లేదు. నాన్న రోజూ అటు చూస్తున్నాడని అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఆ నీలం కోటావిడ ఎవరో కనుక్కోలేకపోయాను. పాత పోస్టులో అసలు ఫోటో పెడదామనుకున్నాను, మళ్ళీ ఆగిపోయాను. ఆవిడని అడగలేదు కదా. అందుకని కత్తిరించిన ఆ ఫోటో తీసేశాను. రాసింది మాత్రం ఉంచాను.

మీ ఇంట్లో ముసలివాళ్ళుంటే, వాళ్ళకి నచ్చిన బట్ట కట్టుకోనిచ్చి, ఈ వారమే ఒక ఫోటో తీయండి.

జై భీమ్.