చేపాక్‌లో ఓ పుర్రచేతి వాటం

ఆదివారం పొద్దున ఉదయగిరి దుర్గం కింద కాసేపు నిలబడితే చాలు... బ్యాటూ బంతీ పట్టుకున్న పిల్లలు ఎక్కడో ఒకచోట కనిపిస్తారు. ఆత్మకూరులోనూ అంతే. ఆ గుంపులో ఒక్కడైనా పుర్రచేతి వాటం వాడుంటాడు. వాడు క్రీజులోకి రాగానే అటువాళ్లు ఇటూ, ఇటువాళ్లు అటూ మారాలి. అందరూ విసుక్కుంటూనే మారతారు. ఇంట్లో ఎడమచేత్తో ముద్ద ముడితే తిట్లు తినే పిల్లాడికి, ఆటలో మాత్రం ఆ చెయ్యే బలం!

అలాంటి వాటంతోనే బ్యాటింగ్ చేస్తూ, టెన్నిస్‌లోనూ క్రికెట్‌లోనూ దేశం తరఫున ఆడిన తెలుగువాడు ఒకరున్నారు. పేరు కోటా రామస్వామి. ఆయన కథ తెలియాలంటే చెన్నై వెళ్లాలి. పెళ్లి బట్టలకనో ఆసుపత్రికనో ఈ ప్రాంతం వాళ్లు ఎప్పుడూ వెళ్లే ఊరే. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా నెల్లూరు జిల్లాకు రాజధాని కూడా మద్రాసే కదా. ఆత్మకూరు నుంచి నెల్లూరు చేరి, గూడూరు, నాయుడుపేట, సూళ్లూరుపేట దాటితే తమిళనాడు వచ్చేస్తుంది.

చెట్టుకింద భోజనం

చెన్నైలో మెరీనా తీరానికి కూతవేటు దూరంలో చేపాక్ మైదానం. దాని పక్కనే పారే బకింగ్‌హామ్ కాలువ నెల్లూరు జిల్లా వాళ్లకు కొత్తది కాదు. ఒకప్పుడు పడవలు మన తీరం మీదుగా మద్రాసు చేరింది ఈ కాలువలోనే. ఇప్పుడు కాలువ మీద రైలు వంతెన, ఎదురుగా ఫ్లడ్‌లైట్లు. మ్యాచ్ ఉన్నరోజు పసుపు చొక్కాల సందడి.

వందేళ్లకు పైగా వెనక్కి వెళ్తే ఇక్కడి దృశ్యం వేరు. మైదానం తెల్లవాళ్ల మద్రాస్ క్రికెట్ క్లబ్బుది. ఆటకు పిలిచినా భారతీయులకు పెవిలియన్‌లో చోటుండేది కాదు. చెట్టుకింద కూర్చోవాలి, అక్కడే తినాలి. మైలాపూర్ లజ్ ప్రాంతంలో ఉండే సంపన్న తెలుగు కుటుంబానికి చెందిన బుచ్చిబాబు నాయుడికి ఇది నచ్చలేదు. 1888లో మద్రాస్ యునైటెడ్ క్లబ్బు పెట్టి, మనవాళ్లను చేరదీసి ఆట నేర్పారు. తెల్లవాళ్ల జట్టుకూ భారతీయుల జట్టుకూ మధ్య మ్యాచ్ ఏర్పాటు చేశారు. తీరా 1908 డిసెంబరులో ఆ మ్యాచ్‌కు కొద్దిరోజుల ముందే కన్నుమూశారు. అప్పటికాయనకు నలభై ఏళ్లు.

నలభయ్యో ఏట తొలి టెస్టు

ఆ బుచ్చిబాబు కొడుకే రామస్వామి. 1896 జూన్ 16న పుట్టారు. తల్లి వైపు వాళ్లకు దత్తు వెళ్లడంతో ఇంటిపేరు కోటా అయింది. తండ్రి పోయేనాటికి పన్నెండేళ్లవాడు. కేంబ్రిడ్జిలో చదువుతున్నప్పుడు, 1922లో డేవిస్ కప్ టెన్నిస్‌లో భారత్‌కు ఆడారు. ఫైజీతో కలిసి రుమేనియాపై డబుల్స్ గెలిచారు.

క్రికెట్‌లో పిలుపు రావడానికి మాత్రం మరో పద్నాలుగేళ్లు పట్టింది. 1936 జులైలో మాంచెస్టర్‌లో తొలి టెస్టు ఆడేనాటికి రామస్వామికి నలభై నిండాయి. భారత్ తరఫున అంతకంటే పెద్ద వయసులో తొలి టెస్టు ఆడింది రుస్తుంజీ జంషెడ్జీ ఒక్కరే. ఆ మ్యాచ్‌లో కెప్టెన్ విజయనగరం రాజకుటుంబీకుడు విజ్జీ. జట్టులో సి.కె.నాయుడూ ఉన్నారు.

తొలి ఇన్నింగ్స్‌లో భారత్ 203కే కూలింది. ఇంగ్లండ్ 571 కొట్టింది. 368 పరుగుల బాకీతో మళ్లీ దిగితే మర్చంట్, ముస్తాక్ అలీ తొలి వికెట్‌కే 203 జోడించారు. తర్వాత రామస్వామి 60 చేశారు. తొలి ఇన్నింగ్స్‌లోనూ ఆయనవి 40. మ్యాచ్ డ్రా! ఓవల్‌లో జరిగిన తర్వాతి టెస్టులో 29, 41 నాటౌట్. ఆడిన రెండు టెస్టుల్లో 170 పరుగులు, సగటు 56.66. మూడో టెస్టు ఆడే అవకాశం మళ్లీ రాలేదు.

తిరిగి రాని మనిషి

1985 అక్టోబరు 15న, ఎనభై తొమ్మిదేళ్ల వయసులో, రామస్వామి మద్రాసులోని ఇంట్లోంచి బయటికి వెళ్లారు. తిరిగి రాలేదు. ఏమయ్యారో ఎవరికీ తెలియలేదు. తండ్రి తాను కలగన్న మ్యాచ్ చూడకుండానే వెళ్లిపోతే, కొడుక్కి కడసారి వీడ్కోలు పలికే వీలు కూడా ఇంట్లోవాళ్లకు దక్కలేదు.

మిగిలింది ఆటే. తండ్రి పేరిట బుచ్చిబాబు టోర్నీ ఇప్పటికీ తమిళనాడులో జరుగుతోంది. 2024లో ఆ కప్పు హైదరాబాద్ గెలుచుకుంది. ఒకప్పుడు భారతీయులను చెట్టుకింద కూర్చోబెట్టిన చేపాక్‌లో ఇప్పుడు టికెట్ కొన్న ఎవరైనా గ్యాలరీలో దర్జాగా కూర్చోవచ్చు.

ఈసారి చెన్నైలో పని పడితే ఓ పూట చేపాక్ వైపు వెళ్లండి. ఇంట్లో పుర్రచేతి వాటం పిల్లాడుంటే వెంటబెట్టుకుని మరీ వెళ్లండి. రామస్వామి గురించి చెప్పండి.