దినము గడచిన మరునాడు



జి.మాడుగుల ప్రాంతములోని సంఘములను దర్శించునప్పుడు ఒక ప్రశ్న నాకు తరచుగా ఎదురగుచుండును. "అయ్యగారూ, ఈ లోకంలో ఎన్ని దినాలండీ? క్షయ దినమంటారు, కుష్ఠు దినమంటారు, మలేరియా దినమంటారు. ఒక్క రోజు బేనరు పట్టుకొని తిరిగితే జబ్బు పోతుందా?" అని పెద్దలు అడుగుదురు. వారు ఎగతాళికి అడుగరు. నిజముగా తెలిసికొనగోరియే అడుగుదురు.

నేను వేదాంత పాఠశాల విడిచి క్రొత్తగా సేవలో ప్రవేశించిన దినములలో దీనికి సులభమైన జవాబు చెప్పెడివాడను. గలతీ సంఘమువారు దినములను పట్టుకొని వ్రేలాడినందుకు పౌలు భక్తుడు ఎంతో నొచ్చుకొనెను గదా, కాబట్టి మనకు ఆ గొడవ అక్కరలేదని చెప్పి ముగించెడివాడను. విన్నవారు తల ఊపెడివారు. నేనును సంతోషించెడివాడను. ఇప్పుడు ఆ జవాబు తలంచుకొనినప్పుడు నాకు సిగ్గు కలుగుచున్నది. ఎందుకో మీకు దాచకుండ చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మొదట ఈ దినములు ఎట్లు కలిగెనో చూతము. ఇవి ఊరక పుట్టినవి కావు. ఒక్కొక్క దాని వెనుక ఒక సంగతి యున్నది. 1882వ సంవత్సరము మార్చి 24న రాబర్టు కాక్ అను వైద్యుడు క్షయరోగమునకు కారణమైన సూక్ష్మజీవిని కనుగొంటినని బెర్లిను పట్టణములో ప్రకటించెను. అందుచేత మార్చి 24 క్షయ దినమాయెను. కుష్ఠురోగులను లోకము వెలివేయుట చూచి, వారికొరకు సంవత్సరమునకు ఒక దినము ఉండవలెనని ఫ్రాన్సు దేశస్థుడగు రౌల్ ఫాలెరో 1954లో కోరెను. లోకమంతట జనవరి నెల కడపటి ఆదివారమున దానిని ఆచరింతురు. మన దేశములో గాంధీగారు మరణించిన జనవరి 30న ఆచరింతురు. ఆగస్టు 9 మన కొండలవారికి బాగుగా తెలిసినదే. ఆదివాసుల సంగతులు విచారించుటకు ఐక్యరాజ్యసమితి నియమించిన ఒక బృందము 1982లో అదే తేదీన మొదటిసారి కూడెను. దాని జ్ఞాపకార్థమై ఆ తేదీని ఆదివాసుల దినముగా 1994లో నిర్ణయించిరి. పాడేరులో ఆ దినమున జరుగు థింసా నాట్యమును మీలో చాలమంది చూచియుందురు.

అయితే సంగతి జరిగినంత మాత్రమున దినమెందుకు? మనుష్యుడు మరచిపోవువాడు గనుక. ఇది మన కొండలలోని పెద్దలకు ఎవరును నేర్పనక్కరలేదు. మామిడి కొత్త పండుగ కాకమునుపు క్రొత్త మామిడికాయను నోట పెట్టకూడదని వారు నియమము పెట్టుకొనిరి. కాయ కనబడగానే చేయి చాపుట మనుష్యుని స్వభావము. ఆగి, అందరు కూడి, ఒక తేదీన చేయుట నేర్పవలసిన సంగతి. దేవుడును తన ప్రజలకు అట్లే నేర్పెను. ఐగుప్తు దాస్యమునుండి విడిపించిన రాత్రిని ఏటేట జ్ఞాపకము చేసికొనవలెనని ఆజ్ఞాపించెను. యొర్దాను నదిని దాటినప్పుడు పండ్రెండు రాళ్లు నిలువబెట్టించెను. రేపు పిల్లలు ఈ రాళ్లేమని అడిగినప్పుడు, తండ్రులు జరిగినదానిని చెప్పవలెనని ఆయన ఉద్దేశము. రాళ్లు నోరెత్తి మాటలాడవు. చూచినవాడు అడుగవలెను, తెలిసినవాడు చెప్పవలెను. దినము కూడ అట్టి రాయియే.

ఇప్పుడు మన యింటి సంగతికి వత్తును. మన్యపు జ్వరమని, చలిజ్వరమని మన తాతలు భయపడినది మలేరియాయే. అది చెడుగాలి వలన వచ్చునని లోకమంతయు చాలకాలము నమ్మెను. మలేరియా అను పేరునకు అర్థమే చెడుగాలి. ఆ నమ్మకమును తొలగించిన పని మన తెలుగునేలమీదనే జరిగెను. రొనాల్డు రాస్ అను సైనిక వైద్యుడు సికింద్రాబాదులో దోమలను కోసి, సూక్ష్మదర్శినిలో ఎన్నో దినములు వెదకెను. హుసేన్ ఖాన్ అను జ్వరపీడితుని దోమతెరలో పరుండబెట్టి, తెర లోపల దోమలను వదలి కుట్టించెను. కుట్టిన ఒక్కొక్క దోమకు అతనికి ఒక అణా ఇచ్చిరి. మనము దోమలు లోపలికి రాకుండ తెర కట్టుకొందుము. అతనికి దోమలు బయటికి పోకుండ తెర కట్టిరి! ఆ దోమలలో ఒకదానిని 1897 ఆగస్టు 20న కోసి చూడగా, దాని కడుపుగోడలో మలేరియా జీవి పెరుగుచున్న గుర్తు రాస్‌నకు కనబడెను. 1902లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను. ఆగస్టు 20ని నేటికిని దోమల దినముగా ఆచరింతురు. రాస్ పేరు పుస్తకములలో నిలిచినది. తన చేతిని దోమలకు అప్పగించిన హుసేన్ ఖాన్‌ను తలంచువారు తక్కువ. నేను మాత్రము ఆ దినమున అతని కొరకు కూడ దేవునికి స్తోత్రము చెల్లింతును.

కారణము తెలిసెను, మందులు దొరికెను. మరి మరచిపోయినందున ఏమి జరిగెనో వినుడి. 1947లో మన దేశములో ఏటికి ఏడున్నర కోట్లమందికి మలేరియా వచ్చుచుండెననియు, 8 లక్షలమంది చనిపోవుచుండిరనియు అంచనా వేసిరి. 1953లో ప్రభుత్వము దేశమంతట ఇండ్లగోడలకు డి.డి.టి. కొట్టించు కార్యక్రమము ప్రారంభించెను. 1965 నాటికి రోగుల సంఖ్య సుమారు ఒక లక్షకు దిగెను. మరణములు లేవని లెక్కలలో వ్రాసిరి. జ్వరము పోయెనని అందరును సంతోషించిరి. అంతట శ్రద్ధ సడలెను. ఆ మందుకు లొంగని దోమలును పుట్టెను. 1976లో రోగుల సంఖ్య 64 లక్షలు దాటెను! పొరుగున నున్న శ్రీలంకలో 1963లో ఏడాది మొత్తమునకు 17 మంది మాత్రమే రోగులుండిరి. అయిదారేండ్లలో ఆ జ్వరము మరల లక్షలమందిని పట్టెను. వారు తిరిగి పట్టుదలతో పనిచేసి, 2016లో మలేరియా లేని దేశమని ప్రపంచ ఆరోగ్య సంస్థచేత అనిపించుకొనిరి. దోమ దినములను లెక్కపెట్టుకొనదు. మనము మరచు దినము వరకు కనిపెట్టుకొని యుండును.

ఈ మరపునకు విరుగుడుగా పుట్టినదే ఏప్రిలు 25. 2000వ సంవత్సరములో ఆ తేదీన ఆఫ్రికా దేశముల అధినేతలు నైజీరియాలోని అబూజా పట్టణములో కూడి, ఈ రోగమును అణచుటకు ఒడంబడిక చేసికొనిరి. మరుసటి ఏటినుండి అది ఆఫ్రికా మలేరియా దినమాయెను. 2007లో ప్రపంచ ఆరోగ్య సభ దానిని లోకమంతటికి దినముగా నిర్ణయించగా, 2008నుండి ఆచరించుచున్నారు. 2023లో కూడ లోకములో సుమారు 26 కోట్ల 30 లక్షల మలేరియా జ్వరములు, 5 లక్షల 97 వేల మరణములు కలిగెనని ఆ సంస్థ అంచనా. చనిపోయినవారిలో ఎక్కువమంది ఆఫ్రికాలోని చిన్నబిడ్డలు. ఆ తేదీని ఎక్కడో ఏర్పరచినను మన కొండలకు చక్కగా సరిపోవుచున్నది. ఏప్రిలు చివర మనకు ఎండకాలము. గెడ్డలు సన్నగిల్లియుండును, దారులు నడువ వీలుగా నుండును. జూనులో వానలు పడును, దోమలు పెరుగును, గెడ్డలు పొంగును. చేయవలసినదంతయు ఆ రెండింటి నడుమ చేయవలెను. అందుకే మన దేశములో జూనును మలేరియా వ్యతిరేక మాసముగా ఆచరింతురు.

ఇదంతయు నాకు తెలియును. తెలిసియు ఏమి చేసితినో ఇప్పుడు చెప్పుచున్నాను.

సుమారు పది సంవత్సరముల క్రిందట ఒక ఏప్రిలు 25న మలేరియా దినపు సభలో మాటలాడుటకు నన్ను పిలిచిరి. పిల్లలు బేనర్లు పట్టుకొని నడచిరి. నేను పైన వ్రాసిన సంగతులన్నియు చెప్పితిని. అందరు చప్పట్లు కొట్టిరి. సభ ముగిసిన తరువాత దాతలు కొందరు ఇరువది దోమతెరల మూట నాకు అప్పగించిరి. గెడ్డ అవతల, రెండు గంటలు నడువవలసిన ఒక గూడెములోని కుటుంబములకు వాటిని నేను అందజేయవలెను. మూటను గుడి ప్రక్కగదిలో పెట్టితిని. ఆ వారము ఒక పెండ్లి, మరువారము కూటములు, ఆ తరువాత ఎండ అధికముగా నుండెను. వచ్చే వారము పోదునని అనుకొనుచుండగానే వానలు దిగెను. గెడ్డ నిండెను. వాన తగ్గనీయుమని నాలో నేనే చెప్పుకొంటిని.

జూలై నెలలో ఆ గూడెమునుండి కబురు వచ్చెను. నాలుగేండ్ల పిల్లకు మూడు దినములుగా చలిజ్వరము. నాలుగవ దినమున డోలీ కట్టి మోసికొని వచ్చుచుండగా, రోడ్డు కనబడకముందే పిల్ల ప్రాణము విడిచెను. సమాధి చేయుటకు నన్ను పిలిచిరి. ఆ దినమున గెడ్డ నిండుగానే యుండెను. అయినను మనుష్యులు నా చేయి పట్టుకొని దాటించిరి. పిలిచినప్పుడు దాటగలిగిన గెడ్డను, పిలువకముందు దాటలేనని ఎట్లు అనుకొంటినో!

ప్రార్థన ముగిసిన పిమ్మట పిల్ల నాయనమ్మ నా దగ్గరకు వచ్చి కూర్చుండెను. ఆమె కోపపడలేదు. "బాబూ, ఎండల్లో మీటింగులో మీరు చెప్పారంట గదా, దోమతెరలొచ్చాయని. మా వంతు ఇంకా రాలేదా బాబూ?" అని అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. ఆ తెర ఉండినయెడల పిల్ల బ్రదికి యుండునో లేదో దేవునికే తెలియును. కాని మూట నా గదిలో ఉన్న సంగతి నాకు తెలియును. ఆ రాత్రి ఇంటికి వచ్చి దీపము పట్టుకొని చూచితిని. మూట పెట్టినచోటనే యుండెను. ఒక ప్రక్క ఎలుకలు కొరికియుండెను.

మరునాడు మూట నెత్తిన పెట్టుకొని నేనే పోతిని. గూడెమువారందరియెదుట జరిగినది జరిగినట్లు ఒప్పుకొని క్షమించుమని వేడుకొంటిని. ఎవరును ఏమియు అనలేదు. నాయనమ్మ ఒక తెర తీసికొని, తన రెండవ మనుమడు పండుకొను చాపదగ్గర నిలిచి, "తాడు ఎక్కడ కట్టాలి బాబూ?" అని అడిగెను. ఇద్దరము కలిసి కట్టితిమి. నా సేవలో అంతకంటె నాకు బుద్ధి చెప్పిన ప్రసంగము మరియొకటి లేదు.

యెషయా ప్రవక్త కాలమున ప్రజలు పండుగలను, ఉపవాసములను తప్పక ఆచరించిరి. అయినను దేవుడు వాటిని అసహ్యించుకొనెను. ఆకలిగొన్నవానికి అన్నము, బట్టలేనివానికి బట్ట దొరకని ఉపవాసము ఆయనకు అక్కరలేదు. పౌలు భక్తుని నొప్పించినదియు ఆచారమే ప్రాణమనుకొనుట. అంతేగాని, పొరుగువానిని జ్ఞాపకము చేసికొను దినమును ఆయన కాదనలేదు. నేను ఆ వాక్యమును నా సోమరితనమునకు మరుగుగా వాడుకొంటిని. ప్రభువు చెప్పిన ఉపమానములోని యాజకుడు ఆ త్రోవను పోవుచు గాయపడినవానిని చూచెను. అతనికి ధర్మశాస్త్రము తెలియకపోలేదు. నాకును మలేరియా సంగతి తెలియకపోలేదు.

కాబట్టి "ఒక్క రోజు తిరిగితే జబ్బు పోతుందా?" అని అడిగినవారికి నేడు నా జవాబు ఇది: పోదు. ఆ దినము లెక్క చూచుకొను దినము. అప్పు తీర్చు గడువువంటిది. గడువు నాడు షావుకారుకు దండము పెట్టి వచ్చినంత మాత్రమున అప్పు తీరదు. నిన్నటివరకు ఏమి చేసితిమి, రేపు ఎవరి గుమ్మము ఎక్కవలెను అని అడుగుటకే దినము ఏర్పడినది. దాని విలువ దాని మరునాడు తెలియును.

అప్పటినుండి మా సంఘములో ఏప్రిలు 25 తరువాతి ఆదివారమున ఆరాధన కాగానే పెద్దలు గూడెములవారీగా పేర్లు చదువుదురు. ఏ యింట ఎన్ని చాపలు, ఎన్ని తెరలు, ఏ తెర చినిగినది అని వ్రాసికొందురు. మందు కలిపిన తెరను గెడ్డలో ఉతుకకూడదు, అది చేపలకు హాని. ఉతికినదానిని నీడలోనే ఆరవేయవలెను. గోడలకు మందు కొట్టువారు వచ్చినప్పుడు తలుపు తీయవలెను. జ్వరము కనబడిన దినముననే ఆశా కార్యకర్తచేత వ్రేలి రక్తము పరీక్ష చేయించవలెను. జ్వరము తగ్గినదని మాత్రలు మానరాదు. ఒక రకపు మలేరియాకు పదునాలుగు దినములు మాత్ర వేసికొనవలసి యుండును. నేను జ్వరపడినవారికొరకు ప్రార్థింతును. కాని పరీక్ష అయినదా అని అడుగకుండ ఆమేన్ అనను. వ్రేలినుండి తీసిన ఆ రక్తపు బొట్టును చూచి చెప్పు జ్ఞానము కూడ దేవుడిచ్చినదే గదా!

ప్రియులారా, 2030 నాటికి మలేరియాను నిర్మూలింపవలెనని మన దేశము సంకల్పించుకొనియున్నది. తక్కువ సంఖ్య చూచి నిదురపోయినవారికి 1976 ఏమి నేర్పెనో మరువకుడి. మీ సంఘపు గదిలో ఎవరికొరకో వచ్చి, ఇంకను అందని మూట ఏదైన ఉన్నదేమో ఈ రాత్రియే దీపము తీసికొని చూడుడి. అది దోమతెర కావచ్చును, కంబళి కావచ్చును, ఒకరికి చెప్పవలసిన మాట కావచ్చును. వానలు దిగకమునుపే గెడ్డ దాటుడి.

ప్రభువా, జ్ఞాపకము చేసికొనుటకు నీవు మాకు దినములనిచ్చితివి. దినము గడచిన మరునాడు నడచుటకు మాకు కాళ్లను, మనస్సును అనుగ్రహించుము. ఆమేన్.