ఓడప్రయాణమునకు సామాను సర్దుట

ప్రయాణమనగానే పిల్లలకు గలుగు సంతోషము ఇంతింతయని చెప్పరాదు. టిక్కెట్టు చేతికి వచ్చిన దినము మొదలుకొని కంటికి నిద్ర యుండదు. కాని ప్రయాణమునకు ముందొక పని కలదు. అది సామాను సర్దుట. ఆ పనిని చిన్నదిగా దలచువారు దారిలో చిక్కులు పడుదురు. మేమును అట్లు పడినవారమే. మా యనుభవము తోడి విద్యార్థులకు గొంత యుపయోగించునను నమ్మికతో ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమిద్దరము అన్నాచెల్లెండ్రము. మా యూరు పర్చూరు సమీపమున నల్లరేగడి నేలలో నున్నది. ఆ ప్రాంతము 1970 వఱకు గుంటూరు జిల్లాలోను, తరువాత ప్రకాశము జిల్లాలోను ఉండి, 2022 ఏప్రిలు నుండి బాపట్ల జిల్లాలో జేరినది. జిల్లాల పేరులు మాఱినను మా పొలములలో ప్రత్తియు మిరపయు మాఱలేదు. ఆ యేడు మిరపతోటలను తామరపురుగు పాడుచేసెను. అయినను ప్రత్తి ధర క్వింటాలు పదివేల రూపాయలు దాటుటచే ఇల్లు నిలిచెను. అప్పుడు నాన్నగారు నాయనమ్మకు ఎన్నడో యిచ్చిన మాట చెల్లింప దలచిరి. ఆమె చీరాల దగ్గఱి వాడరేవు ఒడ్డున నిలిచి ఎన్నిమాఱులో సముద్రమును జూచెను గాని, ఒక్కమాఱైనను దానిపై ప్రయాణము చేసి యెఱుగదు. 2022 జూన్ మాసమున చెన్నై రేవునుండి విశాఖపట్టణమునకు విహారనౌక నడచుచున్నదని విని, నాయనమ్మకును, అమ్మకును, తమకును, మా యిద్దఱికిని నాన్నగారు టిక్కెట్లు తీసిరి.

ఐదు దినముల ప్రయాణమునకు మా యింట మొదట గూడిన సామాను పదునొకండు శాల్తీలు. అమ్మ యెనిమిది చీరలు తీసి పెట్టెను. గోంగూరపచ్చడి జాడీ, కారప్పొడి డబ్బా, సున్నుండలు, ఇస్త్రీపెట్టె, నీళ్ళు కాచుకొను కరెంటు కడ్డీ, రెండు దుప్పట్లు వచ్చి చేరెను. మేము మా వంతుగా క్యారమ్ బల్ల తప్ప తక్కిన యాటవస్తువులన్నియు దెచ్చితిమి. బల్లను గూడ దెచ్చియుందుము గాని యది యే పెట్టెలోను పట్టలేదు. నాయనమ్మ వసారాలో నుండి యీ కుప్పను జూచి, "ఏమిరా అబ్బాయి, ఓడ యెక్కుతున్నామా, ఊరు విడిచి పోతున్నామా?" అని నాన్నగారి నడిగెను.

పిమ్మట నామె తన మామగారి సంగతి చెప్పెను. పూర్వము ఆయన పెదగంజాము వద్ద పడవ యెక్కి బకింగుహాము కాలువమీదుగా మదరాసు పోవువారట. పెదగంజాము నుండి మదరాసు వఱకు ఆ కాలువ పొడవు సుమారు 315 కిలోమీటర్లు. గాలి యున్నప్పుడు తెరచాప. లేనప్పుడు గట్టుమీద మనుష్యులు త్రాటితో లాగుట. అన్ని దినముల ప్రయాణమునకు ఆయన సామాను మూడే వస్తువులు: ఒక ఇనుపపెట్టె, ఒక పరుపుచుట్ట, ఒక చెంబు. పరుపుచుట్టను గట్టిన త్రాడే చెంబును నూతిలోనికి దించుటకును, తడిబట్ట లారవేయుటకును పనికి వచ్చెడిదట. "ఒక్క వస్తువు మూడు పనులు చేస్తే రెండు వస్తువులు ఇంట్లో ఉండిపోతాయి" అని నాయనమ్మ మాట ముగించెను.

ఆ మాట విని నాన్నగారు నవ్వి, సామాను నంతయు మరల నేలమీద బఱపించి మాకు పాఠము చెప్పిరి. అది పుస్తకములోని పాఠము గాదు. మా పొలములోని పాఠము. "ప్రత్తిని గోనెలలో నింపునప్పుడు మనుష్యులు లోనికి దిగి త్రొక్కుదురు. మిల్లులో గింజ తీసిన దూదిని యంత్రముతో నదిమి 170 కిలోల బేలు కట్టుదురు. ఎంత యదిమినను దూదికి నష్టము లేదు. మిరపకాయ యట్టిది గాదు. మిట్టమధ్యాహ్నము పెళపెళలాడు కాయను గోనె కెత్తినచో విఱిగి గింజ రాలును. కనుక తెల్లవారుజామున చలికి మెత్తబడిన పిమ్మట నెత్తుదురు. ఇక మూడవది విత్తనము. దానిని సరకుతో గలిపి బండిపై వేయము; దగ్గఱ నుంచుకొందుము. మీ యెదుట నున్న వస్తువులలో ప్రత్తి యేది, మిరప యేది, విత్తన మేది? మొదట నది తేల్చుడు" అనిరి.

మేము తేల్చితిమి. బట్టలన్నియు ప్రత్తి. వానిని మడతలు పెట్టుటకు బదులు గట్టిగా చుట్టినచో తక్కువ చోటు పట్టుననియు, ముడుతలు తక్కువగా పడుననియు అమ్మ చేసి చూపెను. మేజోళ్ళను బూట్లలోనికి దూర్చితిమి. బరువైనవానిని పెట్టె నిలువబెట్టినప్పుడు చక్రములవైపు వచ్చునట్లు పెట్టితిమి. కళ్ళద్దములు, నూనెసీసా, దువ్వెనలు, కెమెరా మిరప వర్గము. వానిని బట్టల నడుమ బొదిగితిమి. సీసా మూతను గట్టిగా బిగించి వేఱొక సంచిలో బెట్టితిమి. ఒక్కొక్కరి బట్టలను రెండు పెట్టెలకు బంచితిమి. ఒక పెట్టె రాక యాలసించినను ఎవరును కట్టుబట్టలతో మిగులకుండుట కిది యుపాయము. ప్రతిపెట్టె లోపలను బయటను పేరును గది సంఖ్యయు వ్రాసిన చీటి యుంచి, పిడికి ఎఱ్ఱగుడ్డ పీలిక గట్టితిమి. ఒకే రంగు పెట్టెలు వందలకొలది కలియుచోట ఆ పీలికయే మన చుట్టము.

నాన్నగారు ఓడవారి నియమముల పత్రమును బిగ్గఱగా జదివిరి. ఇంటి వంటకములు తేరాదు గనుక పచ్చడిజాడీ మరల అటకెక్కెను. ఇస్త్రీపెట్టెయు కరెంటు కడ్డీయు తేరాదు. నడిసముద్రమున ఓడకు నిప్పుకంటె మించిన భయము లేదు గదా! పడకయు దుప్పట్లును అక్కడనే యిత్తురు. అమ్మ యెనిమిది చీరలలో నాలుగు, అందొకటి మంగళగిరి నూలుచీర, నిలిచెను. ఇట్లు పదునొకండు శాల్తీలు మూడు పెట్టెలును ఒక చేతిసంచియు నయ్యెను. ఆ చేతిసంచియే విత్తనము: టిక్కెట్లు, ఆధారు కార్డులు, కొంత పైకము, ఒక్కొక జత బట్టలు, నాయనమ్మ మందుల పెట్టె.

ఇంతవఱకు అంతయు సక్రమముగనే యున్నది. ఇక మా తప్పు చెప్పవలసియున్నది. బయలుదేఱు నాటి తెల్లవాఱుజామున, పెద్దలు వాకిట నుండగా, మేమిద్దరము దూరదర్శినిని పేకముక్కలను చేతిసంచిలో నుంచుకొన దలచితిమి. చోటు చాలలేదు. మందుల పెట్టెను దీసి పెద్దపెట్టెలో బట్టల నడుమ మెత్తగా నుంచితిమి. అది పగులకుండుటకు మంచిచోటు చూపితిమని సంతోషించితిమి గూడ. ఎవరికిని చెప్పలేదు.

చీరాలలో రైలెక్కి చెన్నై చేరితిమి. రేవులో పెద్దపెట్టెలను మాయొద్ద దీసికొనిరి. వానిని యంత్రముతో పరీక్షించి, పిమ్మట గదులకు జేర్తురు. విహారనౌకలలో సాధారణముగ నిట్టి పద్ధతియే యుండునట. వందలమంది పెట్టెలు ఒక్కమాఱుగా గదులకు బోవలేవు గనుక గంటలు పట్టును. మేము పైయంతస్తున కెక్కి తీరము వెనుకకు దొలగుట చూచుచుంటిమి. నాయనమ్మ కమ్మిని పట్టుకొని ఒక్కమాటయైన బలుకక నిలిచెను. ఆమె ముఖమున నాడు గనుపడిన కాంతిని మేము మఱువజాలము.

చీకటి పడెను. భోజనపు గంట వినబడెను. నాయనమ్మకు మధుమేహము కలదు; రాత్రి భోజనమునకు ముందు ఇన్సులిన్ సూది వేసికొనవలెను. అమ్మ చేతిసంచి విప్పెను. అందు దూరదర్శిని యుండెను; మందుల పెట్టె లేదు. మేము తల వంచుకొని నిజము చెప్పితిమి. పెట్టె లింకను రాలేదు. నాన్నగారు ఓడలోని వైద్యునికడకు బరుగిడిరి. ఆయన శాంతముగా, ఏ రకపు ఇన్సులిన్, ఎంత మోతాదు అని యడిగిరి. నాన్నగారికి అది సరిగా జ్ఞాపకము లేదు. వైద్యుని చీటియు ఆ పెట్టెలోనే యుండెను. పెట్టె రాకున్నచో ఆమెను వెంటనే పరీక్షకు దీసికొనిరమ్మని ఆయన చెప్పిరి.

నాయనమ్మ మమ్ము ఒక్కమాట యనలేదు. "నాకు ఆకలిగా లేదులే, మీరు పోయి తినండి" అని మంచముపై గూర్చుండెను. ప్రొద్దున రైలులో రెండు ఇడ్డెనలు తిన్న మనిషి! మాకు అన్నము సహింపలేదు. నడవలో నిలిచి, వచ్చు బండి ప్రతిదానిపై ఎఱ్ఱపీలిక కొఱకు వెదకితిమి. తొమ్మిదిగంటలకు గాబోలు, దూరమున నొక పెట్టెపై ఆ పీలిక యూగుచు గనబడెను. ఆ క్షణమున మేము పొందిన యూరట పరీక్షాఫలితములు చూచినప్పుడును పొందలేదు. నాయనమ్మ సూది వేసికొని, మా చేతులు పట్టుకొని భోజనశాలకు దీసికొనిపోయెను.

మఱునాడంతయు నీరే. గదిలో మేము నేర్చినవి కొన్ని కలవు. ఓడగది గోడలు ఉక్కువి గనుక అయస్కాంతపు కొక్కెములు చక్కగా నంటుకొనును. అట్టివి నాలుగున్నచో టోపీలకును తువ్వాళ్ళకును చోటు దొరకును. ఖాళీపెట్టెలు మంచము క్రిందికి జేర్చినచో నడచుటకు దారి యుండును. విడిచిన బట్టలకు ఒక గుడ్డసంచి తప్పక కావలెను. అమ్మ తెచ్చిన నాలుగు చీరలలో ఒకటి మడత విప్పకయే యింటికి వచ్చెను.

మూడవనాడు ప్రొద్దున డాల్ఫిన్ నోస్ కొండయు దానిపై దీపస్తంభమును గనబడెను. విశాఖ రేవు చేరితిమి. అప్పుడు నాన్నగారు మాకొక సంగతి చెప్పిరి. ఈ తీరపు రేవులనుండియే పూర్వము వేలకొలది తెలుగువారు ఓడలెక్కి కూలికై రంగూనునకు బోయిరి. వారి సామాను చంకలోని యొక మూట. 1942లో జపానువారు బర్మాపై దాడి చేసినప్పుడు, వారిలో ననేకులు అడవులు కొండలు దాటి కాలినడకను తిరుగుముఖము పట్టిరి. నాడు ఏది మోయవలెను, ఏది విడువవలెనను ప్రశ్నకు దారియే సమాధానము చెప్పినది. మా దూరదర్శిని మెడలో వ్రేలాడుచుండగా మేమా మాట వింటిమి; మాకు సిగ్గు కలిగెను.

మా పాఠశాలలో నందఱు నెఱిగిన హయ్యరు దొరగారు 1841 అక్టోబరులో బోస్టను రేవున ఓడనెక్కి, 1842 జూలై 31వ తేదీని గుంటూరు చేరిరి. తొమ్మిది నెలల దారి! దారిలో మఱచిన వస్తువునకు వెనుకకు బోవుట యెట్లు? ఐదు దినములకు పదునొకండు శాల్తీలు గూర్చిన మాకు అది తలచుకొనిన ఆశ్చర్యమగును.

తిరుగుప్రయాణమున కడపటిరాత్రి పెట్టెలు గదివాకిట నుంచవలెనని చెప్పిరి. రాత్రియే వానిని దీసికొనిపోయి, దిగిన పిమ్మట రేవులో నిత్తురు. మఱునాటి బట్టలు గూడ పెట్టెలో సర్దివేసి రాత్రిదుస్తులతో దిగువారు నుందురని ఓడ పనివా డొకడు నవ్వుచు జెప్పెను. మేము నవ్వలేదు. మొదట మందుల పెట్టెను చేతిసంచిలో నుంచితిమి. వైద్యుని చీటికి రెండు నకళ్ళు వ్రాసి ఒకటి నాన్నగారి జేబులోను, ఒకటి అమ్మ సంచిలోను ఉంచితిమి. తరువాత మఱునాటి బట్టలు. దూరదర్శిని పెద్దపెట్టెలోనికి బోయెను. నాయనమ్మ చూచి, "ఇప్పుడు సర్దటం వచ్చింది" అనెను.

చదువరులారా, సామాను సర్దుట యనగా పెట్టెలో ఎక్కువ వస్తువులు పట్టించుట యని మేము మొదట దలచితిమి. అది సగము మాత్రమే. దేనిని ఒక్కపూటయైనను విడిచి యుండజాలమో దానిని ముందు గుర్తించి చేత నుంచుకొనుట తక్కిన సగము. ఆ వస్తువు మనదే కానక్కఱలేదు; మనతో వచ్చు ముసలివారిదో, పసివారిదో కావచ్చును. మీరు సెలవులకు రైలున బోయినను, బస్సున బోయినను, ఓడ నెక్కినను, సంచి మూయుటకు ముందు ఇంటిలోని పెద్దవారి నొక్కమాట యడుగుడు: "మీ మందు ఎక్కడ నున్నది?" మేమును ఆనాడు అడిగియుండిన బాగుండెడిది.