అగరబత్తి పొగ

మా నాన్నగారి దగ్గర 2013 మోడల్ పెట్రోల్ ఎస్‌యూవీ ఒకటి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. తెనాలి పక్కన ఉన్న మా ఊరి నుంచి విజయవాడలో నన్ను చూడ్డానికి వచ్చినప్పుడల్లా బియ్యం బస్తా, కొబ్బరికాయలు, అమ్మ పెట్టిన పచ్చళ్ళు అందులోనే వస్తాయి. దసరాకి ముందు అలా వస్తూ బెంజ్ సర్కిల్ సిగ్నల్ దగ్గర బండి మూడుసార్లు ఆగిపోయింది. వెనక హారన్లు, పక్కన అమ్మ కంగారు, డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిన్ లైటు.

ఊళ్ళో షెడ్డుకి తీసుకెళ్తే స్కానర్ పెట్టి చూశారు. పీ0171 అనే కోడ్ వచ్చింది. మిశ్రమం లీన్‌గా ఉందని దాని అర్థం. అంటే గాలి ఎక్కువ, పెట్రోల్ తక్కువ. "ఆక్సిజన్ సెన్సర్ పోయింది" అని కొత్తది బిగించి 6,800 రూపాయలు తీసుకున్నారు. నాలుగు రోజులకి లైటు మళ్ళీ వెలిగింది. "అంతా ఈ ఇథనాల్ పెట్రోల్ మహిమేనమ్మా" అని నాన్న తేల్చేశారు.

నేను మన స్కూల్లో పదో తరగతికి ఫిజికల్ సైన్స్ చెబుతాను. దహన చర్య పాఠం చెప్పే మనిషిని, ఇంట్లో బండి సంగతి తెలుసుకోకపోతే ఎలా అనిపించింది. వెయ్యి రూపాయలు పెట్టి బ్లూటూత్ స్కానర్ కొన్నాను. స్టీరింగ్ కింద గుచ్చితే వివరాలన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి.

ఒక గ్రాము పెట్రోల్ పూర్తిగా మండాలంటే సుమారు 14.7 గ్రాముల గాలి కావాలి. ఈ లెక్క కుదిరిందో లేదో పొగ గొట్టంలో కూర్చుని చూసేదే ఆక్సిజన్ సెన్సర్. మా బండిలో ఉన్న రకంలో జిర్కోనియా ముక్కకి ఒకవైపు ఇంజిన్ పొగ, రెండోవైపు బయటి గాలి తగులుతాయి. రెండింటిలో ఉన్న ఆక్సిజన్ తేడాని బట్టి చిన్న వోల్టేజి పుడుతుంది. పెట్రోల్ ఎక్కువైతే 0.9 వోల్టుల దాకా వెళ్తుంది, గాలి ఎక్కువైతే 0.1 దగ్గరికి పడిపోతుంది. బాగున్న ఇంజిన్‌లో ఆ అంకె ఒకచోట నిలబడదు, అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. దాన్ని చూసుకుంటూ బండిలోని కంప్యూటర్ పెట్రోల్‌ని కాస్త పెంచుతూ, కాస్త తగ్గిస్తూ పోతుంది. ఆ సవరణని ఫ్యూయల్ ట్రిమ్ అంటారు, శాతాల్లో చూపిస్తుంది.

మా బండిలో అంకె ఊగడం లేదు. 0.1 దగ్గర అతుక్కుపోయింది. ట్రిమ్ 28 శాతం ప్లస్‌లో ఉంది. కొత్త సెన్సర్ కూడా డూప్లికేటే అయి ఉంటుందని నేను తీర్పు ఇచ్చేశాను. సైన్స్ టీచర్ తీర్పు కదా, నాన్న కూడా నమ్మేశారు.

ఆటోనగర్‌లో మంచి మెకానిక్ ఎవరున్నారని కొలీగ్‌ని అడిగితే ఒక షెడ్డు చెప్పింది. ఆదివారం వెళ్ళాం. బానెట్ కింద నుంచి తల పైకెత్తిన ఆయన చేతులు తుడుచుకుంటూ "నమస్తే మేడమ్ గారూ, మా వాడికి సైన్స్ చెప్పేది మీరే కదా" అన్నారు. నాకు ఒక్కసారిగా గొంతు తడారిపోయింది. పది రోజుల క్రితమే వాళ్ళబ్బాయి ప్రోగ్రెస్ కార్డ్‌లో "ల్యాక్స్ కాన్సన్‌ట్రేషన్" అని రాసి పంపాను. కింద సంతకం పెట్టింది ఈయనే. ఆ మాట ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. కుర్చీ వేసి టీ తెప్పించారు.

నా ఫోన్‌లో అంకెలు చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న: "ఇది ఎప్పుడు చూశారు మేడమ్? బండి నిలబెట్టినప్పుడా, రేజింగ్‌లోనా?"

రేజింగ్‌లో నేను చూడనే లేదు.

నాన్నని ఎక్కించి యాక్సిలేటర్ తొక్కించారు. 2,500 ఆర్‌పీఎం దగ్గర ట్రిమ్ 6 శాతానికి దిగింది. వదిలితే మళ్ళీ 28. "సెన్సర్ నిజమే చెప్తోంది మేడమ్. నిజం చెప్పేదాన్ని ఎన్నిసార్లు మార్చినా అదే మాట చెప్తుంది" అన్నారు. ఎక్కడో రబ్బరు పగిలి, గాలిని కొలిచే సెన్సర్ దాటాక దొంగగాలి లోపలికి దూరుతోంది. ఐడిల్‌లో ఇంజిన్ పీల్చేదే తక్కువ కాబట్టి అందులో ఆ కాస్త దొంగగాలి పెద్ద వాటా. వేగం పెరిగితే అదే గాలి పెద్ద లెక్కలో కలిసిపోతుంది. అలా కాకుండా లోడ్ పెరిగేకొద్దీ ట్రిమ్ పెరుగుతుంటే పెట్రోల్ పంపునో, ఫిల్టర్‌నో, గాలి కొలిచే సెన్సర్‌కి పట్టిన మురికినో అనుమానించాలట. సెన్సర్‌కి ముందు పొగ గొట్టం చిట్లినా బయటి గాలి లోపలికి లాగి తప్పుడు లీన్ చూపిస్తుందట. ఇథనాల్ వల్ల కూడా కొంత తేడా ఉంటుంది కానీ అది ఐడిల్‌లో, రేజింగ్‌లో ఒకేలా కనిపించాలి అన్నారు. నాన్న ముఖం కొంచెం చిన్నబోయింది.

తర్వాత ఆయన దేవుడి పటం దగ్గర నుంచి ఒక అగరబత్తి తెచ్చారు. పెట్రోల్ వాసనేమీ లేదని చూసుకున్నాకే వెలిగించారు. (ఇది ఇంట్లో మీరు ప్రయత్నించకండి, పిల్లల్ని అసలు చేయనివ్వకండి.) నడుస్తున్న ఇంజిన్ మీద పైపుల వెంట మెల్లగా తిప్పారు. పొగ నిటారుగా లేస్తోంది. క్రాంక్ కేస్ నుంచి ఇన్‌టేక్‌కి వెళ్ళే రబ్బరు పైపు వంపు దగ్గరికి రాగానే పొగ వంగి కిందికి లాక్కుపోయింది. పైనుంచి చూస్తే ఆ పైపు నిగనిగలాడుతోంది. చీలిక అడుగున ఉంది. చీలికకీ ఇన్‌టేక్‌కీ మధ్య పైపుని పట్టకారుతో నొక్కి పట్టుకోగానే ఇంజిన్ వణుకు ఆగింది. నా ఫోన్‌లో 0.1 దగ్గర పడి ఉన్న అంకె లేచి ఊగడం మొదలుపెట్టింది. డూప్లికేట్ అని నేను తేల్చిన సెన్సర్ అది.

పైపు ఖరీదు 350. లేబర్ వద్దంటే నాన్న బలవంతాన ఆయన జేబులో పెట్టారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. సోమవారం మార్కుల రిజిస్టర్ తీసి ఆ బాబు స్లిప్ టెస్టులు, ఏ పీరియడ్‌లో పెట్టానో చూస్తూ పక్కపక్కన రాసుకున్నాను. ఫస్ట్ పీరియడ్‌లో పెట్టినవాటిలో పదికి 3, 4, 3. మధ్యాహ్నం పెట్టినవాటిలో 8, 7, 8. నేను చేసిందేమిటి? ముందు బెంచీకి మార్చాను, తప్పులు ఐదేసి సార్లు రాయించాను, చివరికి కార్డులో ఆ మాట రాశాను.

పక్కకి పిలిచి అడిగితే చాలాసేపు చెప్పలేదు. బస్సులో మొదటి స్టాప్ తనదే. గంటకి పైగా ప్రయాణం. తిని ఎక్కితే వాంతి అవుతుంది, ఒకసారి అందరూ నవ్వారు. అప్పటినుంచి ఇంట్లో తిన్నానని చెప్పి ఖాళీ కడుపుతో వస్తున్నాడు. మొదటి ముద్ద నోట్లోకి వెళ్ళేది షార్ట్ బ్రేక్‌లోనే.

వాళ్ళ నాన్నగారికి ఫోన్ చేశాను. రిమార్క్ నేను తొందరపడి రాశానని చెప్పడానికి రెండు నిమిషాలు పట్టింది. ఆయన కాసేపు ఏమీ అనలేదు. "మేము కూడా కనిపెట్టలేదు మేడమ్" అన్నారు చివరికి. ఇప్పుడు ఇడ్లీ బాక్సుతో వస్తున్నాడు. ప్రేయర్‌కి ముందు స్టాఫ్ రూమ్ వరండాలో కూర్చుని తింటాడు. కార్డులో ఆ మాట కొట్టేసి, పక్కన సంతకం పెట్టాను.

బండి ట్రిమ్ ఇప్పుడు రెండు చోట్లా 5 శాతం చూపిస్తోంది. ఇథనాల్ మాటలో కొంచెమైనా నిజం ఉందని నాన్న సంతోషం. మొన్న ఫస్ట్ పీరియడ్ టెస్టులో ఆ బాబుకి 6 వచ్చాయి. దహన చర్య సమీకరణం రాశాడు కానీ బ్యాలెన్స్ చేయడం మర్చిపోయాడు.