గడీ కూలకముందే

తెలంగాణ పల్లెల్లో దొర ఉండే కోటలాంటి గడీని వెతుక్కుంటూ పోనక్కర్లేదు. ఊరు ఇంకా దూరంగా ఉండగానే బురుజు కనబడుతుంది. ఊరంతా తన కళ్ల ముందు ఉండాలని, ఊరికంతా తాను కనబడాలని దొర కట్టించుకున్నది అది. ఇప్పుడు చాలా ఊళ్లలో ఆ బురుజు నెత్తిన రావిచెట్టు మొలిచింది. పెద్ద దర్వాజకు తలుపుల్లేవు. లోపల మోకాళ్లెత్తు గడ్డి, సర్కారు తుమ్మ, సీతాఫలం చెట్లు. గదుల్లో గబ్బిలాల కంపు.

పాడుబడ్డ గడీలను ఫొటోలు తీస్తుంటాను. వానలు వెనక్కి తగ్గి, బతుకమ్మ పండుగ దాటాక బయల్దేరతాను. పొద్దున్నే, కూలిన మిద్దె సందుల్లోంచి వెలుగు ఏటవాలుగా దిగుతుంది. గచ్చు నునుపు, దాని మీది పగుళ్లు, కమానుకు దిద్దిన సున్నపు పూలు ఆ కాసేపే కెమెరాకు దొరుకుతాయి. ఎండ ఎక్కిందంటే గోడంతా ఒకే తెలుపు, ఇక ఏదీ కనబడదు.

రావి విత్తనాన్ని పిట్టలు తెచ్చి గోడ పగుళ్లలో వేస్తాయి. సున్నపు గోడ తేమను పట్టి ఉంచుతుంది కనుక మొలక బతికిపోతుంది. వేరు రాళ్ల నడుమ సున్నంలోకి దిగి, లావెక్కుతూ రాళ్లను విడదీస్తుంది. కొమ్మలు నరికినా లాభం లేదు, మళ్లీ చిగురిస్తుంది. అయితే చెట్టు కన్నా ముందు గడీల మీద చెయ్యి వేసింది మనుషులే. టేకు దూలాలు, దర్వాజలు ఊడదీసి అమ్ముకున్నారు. దూలం పోయాక మిద్దె నిలవదు. మిద్దె పోయాక వాన నేరుగా గోడలోకి దిగుతుంది. ఇవి చాలవన్నట్టు, గుప్తనిధుల ఆశతో పునాదుల పక్కన తవ్వి వదిలేసిన గుంతలు.

ఒక గడీలో, పడకగది అనుకున్న చోట, గోడ పైపూత పెచ్చు ఊడి కింది పూత బయటపడింది. అందులో నాలుగు వేళ్ల చాళ్లు, అడ్డంగా, పక్కపక్కనే, గోడ పొడవునా. పైపూత బాగా పట్టుకోవాలని కింది పూత పచ్చిగా ఉన్నప్పుడే ఎవరో చేత్తో గీశారు. ఆ వేళ్లు సన్ననివి. కెమెరాను గోడకు దగ్గరగా పెట్టి, వెలుగు పక్కనుంచి పడేదాకా ఆగి తీశాను.

ఆవరణలో మేకలు మేపుకుంటున్న ఒక ముసలమ్మకు ఆ బొమ్మ చూపించాను. చాలాసేపు చూసింది. "ఈ పైబంగ్లాకు మా అమ్మ గూడ సున్నం రుద్దింది కొడుకా. శేతులు బొబ్బలెక్కి బువ్వ కలుపుకోరాకపోతుండె. కూలి లేదు, ఏం లేదు. వెట్టి" అంది.

డంగు సున్నం పని ఎంత కష్టమో అంతకుముందు విని ఉన్నాను. సున్నాన్ని, ఇసుకను ఎడ్లు తిప్పే గానుగలో నూరేవాళ్లు. బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు కలిపేవాళ్లు. ఆఖరి పూతను నున్నటి గులకరాళ్లతో అద్దంలా మెరిసేదాకా రుద్దేవాళ్లు. ఆ పనిలో బొబ్బలెక్కిన చేతుల సంగతి మాత్రం ఆ అవ్వ చెబితేనే తెలిసింది.

ఆమె నన్ను గడీ అంతా తిప్పింది. ఇది వడ్ల కొట్టం, ఇది దొర కచ్చీరు పెట్టే అరుగు, ఇది ఆడబాపలు ఉండే కొట్టు అని చూపించింది. దొరసాని బిడ్డ పెళ్లయి అత్తవారింటికి పోతే ఆమె వెంట పంపే దాసీలు ఆడబాపలు. దర్వాజ ముందు నుంచి పోయేవాళ్లు చెప్పులు విడిచి చేత పట్టుకోవాలట. నేను పడకగది అనుకున్నది నిజానికి కచ్చీరు పక్కనున్న లెక్కల గది. ఆమె లేకపోతే నా ఫొటో కింద ఏం రాసినా తప్పే అయ్యేది.

హైదరాబాదు రాజ్యంలో అమీర్ల వైభవాన్ని రాజా దీన్‌దయాళ్ గాజు పలకల మీద నిలిపి పోయాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడాయన. 1905లో కన్నుమూశాడు. ఆయన తీసిన బషీర్‌బాగ్ ప్యాలెస్ ఇవాళ లేదు, పేట పేరుగా మిగిలింది. ఫొటోలు మాత్రం ఉన్నాయి. ఆయన స్టూడియో నెగటివ్‌లు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో భద్రంగా ఉన్నాయి. ఆ పనితనానికి నేను చేతులు జోడిస్తాను. కానీ కుర్చీలో కూర్చున్న ప్రభువు పేరు చరిత్రకెక్కింది. ఆ మేడలకు గచ్చు చేసినవాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు.

గడీలు ఊరికే ఖాళీ కాలేదు. 1946 జూలై 4న కడవెండిలో, దొరలకు ఎదురు నిలిచిన రైతుల సంఘం ఊరేగింపు గడీ దగ్గరికి వచ్చినప్పుడు దొర మనుషులు పేల్చిన తూటాకు దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు. సాయుధ పోరాటం పల్లెపల్లెకూ పాకింది. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. అయినా, హైదరాబాదు రాజ్యాన్ని భారతదేశంలో కలిపిన పోలీసు చర్య తర్వాత, ఊళ్లు విడిచిపోయిన దొరల్లో చాలామంది మళ్లీ వచ్చారు. 1978లో దొరల పెత్తనానికి ఎదురుగా రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర నడిచింది. ఆ ఏడే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ రోజుల్లో గడీలకు తాళం వేసి పట్నం చేరినవాళ్లలో చాలామంది మళ్లీ తిరిగి రాలేదు. కొన్ని గడీల్లో పోలీసు క్యాంపులు వెలిశాయి, కొన్నింట్లో బడులు నడిచాయి. మిగిలినవి తుమ్మచెట్ల పాలయ్యాయి.

వనపర్తి రాజావారి ప్యాలెస్ పాలిటెక్నిక్ కళాశాల కనుక నిలిచింది. దోమకొండ కోటను వారసులు శ్రద్ధగా బాగుచేయించారు, దానికి 2022లో యునెస్కో ఆసియా-పసిఫిక్ వారసత్వ పురస్కారం దక్కింది. అన్ని గడీలకూ ఆ అదృష్టం పట్టదని నాకు తెలుసు. అన్నింటినీ నిలబెట్టాలని ఊళ్లను అడిగే హక్కు కూడా మనకు లేదు. తాతలు చెప్పులు విడిచి నడిచిన దర్వాజ కూలిపోతే బాగుండని మనవడు అనుకుంటే అతన్ని తప్పుపట్టలేను.

నేను అడిగేది ఒక్కటే. కూలేలోగా ప్రతి గదినీ ఫొటో తీయాలి. తీసిన ప్రతి ఫొటోనూ ఊళ్లో డెబ్బై, ఎనభై ఏళ్లు దాటినవాళ్లకు చూపించి, అది ఏ గది, అక్కడ ఎవరు పనిచేశారు అని అడిగి రాసుకోవాలి. దీనికి పెద్ద కెమెరా అక్కర్లేదు, ఇంటింటా ఉన్న ఫోను చాలు. ఊరి బడిపిల్లలు ఒక్క సెలవుల్లో చేయగల పని. గోడ మరో పదేళ్లు నిలబడుతుందేమో కానీ, దాని సంగతి తెలిసినవాళ్లు అంతకాలం ఉండరు. రాళ్లెత్తినవాళ్ల పేర్లు, సున్నం రుద్దినవాళ్ల పేర్లు రాసుకోకుండా గడీని నేలమట్టం కానిస్తే, దొర ఒకసారి ఎగ్గొట్టిన కూలిని మనం రెండోసారి ఎగ్గొట్టినట్టే.