ఆప్రవాసీ ఘాట్: కూలీలు దిగిన రేవు

మారిషస్ రాజధాని పోర్ట్ లూయీలో ఓడరేవునూ పెద్ద రోడ్డునూ ఆనుకుని ఆప్రవాసీ ఘాట్ ఉంది. విస్తీర్ణం 1,640 చదరపు మీటర్లు. 2006లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలంగా ప్రకటించిన చోటు ఇంతేనా అని తొలిచూపులో ఎవరికైనా అనిపిస్తుంది. 1849లో మొదలైన వలస డిపోలో చాలా భాగం తర్వాత వేసిన రోడ్డుకు, కట్టడాలకు బలైపోయింది. కాపలాదారు గది, ఆసుపత్రి భాగం, కొన్ని గోడలు, సముద్రం నుంచి పైకి వచ్చే నల్లరాతి మెట్లు మిగిలాయి. 1987 దాకా దీన్ని కూలీ ఘాట్ అనే పిలిచేవారు.

1835 ఫిబ్రవరి 1న మారిషస్‌లో బానిసత్వం రద్దయింది. చెరకుతోటలకు మాత్రం మనుషులు కావాలి. రద్దుకు ముందే, 1834 నవంబరు 2న, అట్లాస్ అనే ఓడ కలకత్తా నుంచి 36 మంది ఒప్పంద కూలీలను తెచ్చింది. బ్రిటిష్ ప్రభుత్వం దీన్ని ఒక మహా ప్రయోగమనుకుంది. అది నెగ్గాక ఫిజీకి, ట్రినిడాడ్‌కు, గయానాకు ఇదే పద్ధతి పాకింది. 1834 నుంచి 1920 వరకు సుమారు అయిదు లక్షల మంది ఈ రేవులో దిగారు.

మెట్లెక్కి పైకి వచ్చినవారిని డిపోలో కనీసం రెండు రోజులు ఉంచేవారు. వైద్య పరీక్ష, పేరు నమోదు, తోటల కేటాయింపు అక్కడే జరిగేవి. గుమాస్తా ముందు నిలబడి పేరు, తండ్రి పేరు, ఊరు, కులం చెప్పుకోవాలి. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చేవారు. ఒప్పందం సాధారణంగా అయిదేళ్లు, మగవాడి కూలి నెలకు అయిదు రూపాయలు, దానిమీద బియ్యం, పప్పు, ఉప్పు. ఒకరోజు పని మానితే రెండు రోజుల కూలి కోసేవారు. కూలీలకు అన్నిటికన్నా కడుపు మండించిన నియమం ఇదే.

సరిహద్దు అంటే సముద్రం దాటేటప్పుడు వచ్చేదని అనుకుంటాం. ఇక్కడ అది ఒడ్డున దిగాకే మొదలైంది. 1867 చట్టం ప్రకారం ఒప్పందం తీరినవాడు కూడా ఫొటో అంటించిన టికెట్ దగ్గర పెట్టుకు తిరగాలి. పక్క జిల్లాకు వెళ్లాలంటే పోలీసుల పాసు కావాలి. అది లేకపోతే దేశదిమ్మరి అని జైల్లో వేసేవారు. తోట వ్యవహారాలు చూసే ఆడోల్ఫ్ డి ప్లేవిట్జ్ 1871లో తొమ్మిదివేల మందికి పైగా కూలీల తరఫున అర్జీ పెట్టాడు. తోటల దొరలు అతన్ని కొట్టారు కూడా. మరుసటి ఏడాది బ్రిటిష్ రాయల్ కమిషన్ విచారణకు దిగింది.

వచ్చినవారిలో గంజాం, విశాఖపట్నం, గోదావరి ప్రాంతాల తెలుగువారున్నారు. కోరంగి, మద్రాసు రేవుల మీదుగా వెళ్లినవారు వీరు. గుమాస్తా రాసుకున్న పేర్లే చాలా కుటుంబాలకు తర్వాత ఇంటిపేర్లయి, అసలు ఇంటిపేర్లు మరుగున పడ్డాయి. ఇళ్లలో ఇప్పుడు ఎక్కువగా వినపడేది క్రియోల్. అయినా సింహాద్రి అప్పన్న పూజ, అమ్మోరు పండగ, దీపం చుట్టూ రామభజన నిలిచాయి. ఏ దేవుణ్ణి వెంట తీసుకెళ్లారో చూస్తే ఏ తీరం నుంచి వెళ్లారో తెలిసిపోతుంది. మారిషస్ ఆంధ్ర మహాసభ 1947లో ఏర్పడింది; ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగింది కూడా ఆ దీవిలోనే. ఫ్రెంచిలో రాసే నతాషా అప్పన్న తెలుగు కూలీల వంశం నుంచి వచ్చిన రచయిత్రి. 2003లో వెలువడిన ఆమె తొలి నవల ఈ వలస గురించే.

మారిషస్ వెళ్లిన కూలీల్లో సుమారు మూడో వంతు మంది తిరిగి వచ్చేశారు. ఉండిపోయినవారి సంతానం ఈనాడు ఆ దేశ జనాభాలో అత్యధిక భాగం. ఫిబ్రవరి 1, నవంబరు 2 రెండూ మారిషస్‌లో సెలవు దినాలే. బానిసల వారసులు, కూలీల వారసులు కలిసి ఒక దేశం కట్టుకున్న తీరుకు ఆ రెండు తేదీలు మంచి సాక్ష్యం.

డిపో రిజిస్టర్లు, కూలీల ఫొటోలు ఇప్పుడు మారిషస్‌లోనే మోకా అనే ఊళ్లో ఉన్న మహాత్మాగాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నాయి. 2024 మార్చిలో భారత ప్రభుత్వం మారిషస్‌లోని భారత సంతతివారికి ఏడో తరం దాకా విదేశీ భారత పౌరుల (ఓసీఐ) కార్డుకు అర్హత కల్పిస్తున్నట్టు ప్రకటించింది. అందుకోసం పూర్వీకుల ఊరు వెతికేవారికి మొదటి ఆధారం ఆ డిపో రిజిస్టర్లే.